పిల్లల్లో పేగుపూత: ఆలస్యం కాకుండా గుర్తించడం ఎలా?

పిల్లవాడికి విరేచనాలు అవుతున్నాయంటే మనం పెద్దగా కంగారుపడము. బయటి తిండి తిన్నాడనో, నీళ్ళు మారాయనో, వేడి చేసిందనో అనుకుంటాము. మజ్జిగన్నం పెట్టి రెండు రోజులు చూస్తాము. తగ్గకపోతే మందుల షాపులో మాత్రలు తెచ్చి వేస్తాము. చాలాసార్లు అంతటితో తగ్గిపోతుంది కూడా.

అయితే కొందరు పిల్లల్లో అది తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. వారాలు, నెలలు గడిచిపోతాయి. మలంలో రక్తం, జిగట పడతాయి. పిల్లవాడు చిక్కిపోతాడు, ఎదుగుదల ఆగిపోతుంది. ఇటువంటి పిల్లల్లో కొందరికి ఉండేది మామూలు విరేచనాలు కాదు, పేగుపూత అనే దీర్ఘకాలిక వ్యాధి. డాక్టర్లు దీనిని ఐ.బి.డి. అంటారు. ఈ వ్యాధి గురించి, ముఖ్యంగా దీనిని ఎలా గుర్తిస్తారనే దాని గురించి, రోగి కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలను ఇక్కడ వివరిస్తున్నాను.

మా వార్డుకు వచ్చిన ఒక అబ్బాయి

కొన్నేళ్ళ క్రితం మా వార్డులో పద్నాలుగేళ్ళ అబ్బాయిని చేర్చారు. చూడటానికి పదేళ్ళ పిల్లవాడిలా ఉన్నాడు. వెంట తల్లి, నాయనమ్మ వచ్చారు. పది నెలలుగా కడుపునొప్పి, విరేచనాలు అన్నారు. మొదట ఒకచోట అమీబా అని మందులు ఇచ్చారు. మరొకచోట రక్తమొలలు అని చెప్పి పసరు తాగించారు. నులిపురుగుల మందు రెండుసార్లు వేశారు. మలద్వారం పక్కన చీముగడ్డ లేస్తే కోసి కట్టు కట్టారు గాని ఆ పుండు మానలేదు.

నేను వివరాలు రాసుకుంటూ ఉంటే ఆ తల్లి మాటల్లో మాటగా, "ఏడో తరగతిలో కుట్టించిన యూనిఫామే తొమ్మిదిలోనూ సరిపోతోంది సిస్టర్, ఆ ఖర్చయినా తప్పింది" అన్నది. ఆమె అది మామూలుగా చెప్పింది. పన్నెండు నుండి పద్నాలుగేళ్ళ మధ్య మగపిల్లవాడి బట్టలు పొట్టివి కాలేదంటే ఆ పిల్లవాడు ఎదగడం లేదని అర్థం. రోగం సంగతి ఆ మాటలోనే ఉంది.

అప్పుడు నేను కూడా ఒక పొరపాటు చేశాను. తల్లి, నాయనమ్మ, పక్క మంచాలవాళ్ళు అందరూ వింటుండగా, "రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నావు నాన్నా?" అని అడిగాను. "రెండు మూడుసార్లు" అన్నాడు. కేస్‌షీటులో అదే రాశాను. ఆ రాత్రి డ్యూటీ కూడా నాదే. తెల్లవారేలోగా ఆ అబ్బాయి నాలుగుసార్లు బాత్‌రూముకు వెళ్ళాడు. తల్లికి మెలకువ వస్తుందేమోనని చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. నాలుగోసారి తిరిగి వస్తున్నప్పుడు నా బల్ల పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగాను. అప్పుడు అంతా చెప్పాడు. పగలు ఏడెనిమిదిసార్లు అవుతోంది. రక్తం కనిపిస్తే భయపడి ఎవరికీ తెలియకుండా నీళ్ళు పోసి వచ్చేవాడు. బడిలో క్లాసు మధ్యలో లేవవలసి వస్తుందని మధ్యాహ్నం అన్నం తినడమే మానేశాడు. "అమ్మ ఇప్పటికే చాలా ఖర్చుపెట్టింది సిస్టరమ్మా" అన్నాడు.

తెల్లవారగానే కేస్‌షీటు సరిదిద్ది డాక్టరుగారికి చెప్పాను. పరీక్షల దారి అక్కడి నుండి మారింది. ఇటువంటి విషయాలను ఈ వయసు పిల్లలు దాచిపెడతారు. వాళ్ళను ఒంటరిగా, ఓపికగా అడగాలి. ఇది నేను ఆ రాత్రి నేర్చుకున్నాను గనుక మీకు ముందుగానే చెబుతున్నాను.

పేగుపూత అంటే ఏమిటి?

నోటిపూత వచ్చినప్పుడు నోటి లోపలి పొర ఎర్రబడి, పుండ్లు పడి, ఏమి తిన్నా మండుతుంది కదా. పేగు లోపల కూడా అలాగే వాచి పుండ్లు పడి, నెలల తరబడి మానకుండా ఉండటాన్ని పేగుపూత అంటారు. దీనిలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి.

మొదటిది అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దపేగుకు మాత్రమే వస్తుంది. మలద్వారానికి దగ్గరగా ఉండే భాగంలో మొదలై, తెగకుండా పైకి పాకుతుంది. పేగు లోపలి పొర మాత్రమే దెబ్బతింటుంది. కాబట్టి రక్తం, జిగట కలిసిన విరేచనాలు దీనిలో ప్రధానంగా కనిపిస్తాయి. పెద్దవాళ్ళతో పోలిస్తే పిల్లల్లో ఇది పెద్దపేగు అంతటా వ్యాపించడం ఎక్కువ.

రెండవది క్రోన్స్ వ్యాధి. 1932లో న్యూయార్క్‌లో దీనిని వివరించిన ముగ్గురు డాక్టర్లలో ఒకరైన క్రోన్ పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. ఇది నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు. చిన్నపేగు చివరి భాగంలో, అంటే కుడివైపు పొత్తికడుపు దగ్గర, ఎక్కువగా వస్తుంది. ఒకచోట పుండు, తర్వాత కొంత దూరం బాగున్న పేగు, మళ్ళీ పుండు, ఇలా అక్కడక్కడ ఉంటుంది. పేగు గోడ మందం అంతటా వాపు వస్తుంది గనుక కొంతకాలానికి పేగు ఇరుకైపోవచ్చు, లేదా పేగు నుండి పక్కకు రంధ్రం పడి చీము కారవచ్చు. మలద్వారం పక్కన వచ్చే ఫిస్టులా ఇటువంటిదే. క్రోన్స్ ఉన్న కొందరికి విరేచనాలు అసలు ఉండకపోవచ్చు. కడుపునొప్పి, నీరసం, బరువు తగ్గడం మాత్రమే ఉంటాయి.

ఇది ఎందుకు వస్తుంది?

మన శరీరంలో రోగాలతో పోరాడే రక్షణశక్తి ఉంటుంది. పేగులో ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులను మామూలుగా అది పట్టించుకోదు. ఈ వ్యాధి వచ్చినవారిలో ఆ రక్షణశక్తి అదుపు తప్పి, ఆగకుండా పోరాడుతూ సొంత పేగునే గాయపరుస్తుంది. వంశంలో వచ్చే లక్షణాలు, పేగులోని సూక్ష్మజీవులు, మారిన ఆహారపు అలవాట్లు, పరిసరాలు, ఇవన్నీ కలిసి దీనికి కారణమవుతాయని వైద్యులు చెబుతున్నారు. ఇదొక్కటే కారణమని దేనినీ వేలెత్తి చూపలేము.

తల్లులు నన్ను తరచుగా అడుగుతారు, "నేను పెట్టిన తిండి వల్లనే వచ్చిందా సిస్టర్? మేము ఏం పాపం చేశాము?" అని. మీరు పెట్టిన పచ్చడి వల్ల గాని, కారం వల్ల గాని ఇది రాలేదు. ఎవరి పాపం వల్లా రాలేదు. దిష్టి తగలడం వల్ల, చేతబడి వల్ల రాలేదు. చదువు ఒత్తిడి వల్ల లక్షణాలు పెరిగినట్టు అనిపించవచ్చు గాని, వ్యాధి పుట్టడానికి అది కారణం కాదు. ఇది అంటువ్యాధి కూడా కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా తోబుట్టువులకు అంటుకోదు.

మన ప్రాంతంలో కూడా ఉందా?

ఒకప్పుడు ఇది పాశ్చాత్య దేశాల జబ్బు అని, మన దేశంలో అరుదు అని అనుకునేవారు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2020 నుండి 2022 వరకు, కడుపు సమస్యలతో వచ్చిన 30 వేల మందికి పైగా పట్టణ, గ్రామీణ ప్రజలకు కొలనోస్కోపీ చేసి చూశారు. వారిలో నూటికి సుమారు ఐదుగురికి పేగుపూత కనిపించింది. పల్లెవాసుల్లోనూ పట్టణవాసుల్లోనూ ఇంచుమించు ఒకే విధంగా ఉంది. అది లక్షణాలు ఉన్నవారి లెక్క మాత్రమే, ఊరందరి లెక్క కాదు. అయినా "మా పల్లెటూరివాళ్ళకు ఇటువంటివి రావు" అని ఎవరూ అనుకోకూడదు.

ఈ వ్యాధి ఏ వయసులోనైనా రావచ్చు గాని యౌవనంలో మొదలవడం ఎక్కువ. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం సుమారు నాల్గింట ఒక వంతు మందికి 20 ఏళ్ళలోపే బయటపడుతుంది.

ఎందుకు ఆలస్యమవుతుంది?

ఈ వ్యాధి వేరే జబ్బుల వేషంలో వస్తుంది. మన ప్రాంతంలో సాధారణంగా జరిగే పొరపాట్లు ఇవి.

1. జిగట విరేచనాలు లేదా అమీబా అనుకోవడం. సూక్ష్మజీవుల వల్ల వచ్చే విరేచనాలు చాలావరకు రెండు వారాలలోపు తగ్గిపోతాయి. నాలుగు వారాలు దాటినా ఉన్నా, తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తున్నా, అవే మాత్రలు మళ్ళీ తెచ్చి వేయడం సరికాదు.

2. మొలలు అనుకోవడం. పిల్లల్లో మొలలు చాలా అరుదు. గట్టి మలం వల్ల మలద్వారం చిట్లి రక్తపు చుక్క పడటం వేరు, విరేచనాలతోపాటు రక్తం పడటం వేరు. పదిహేనేళ్ళ పిల్లకు మొలల మందు వేసేముందు, అవి నిజంగా మొలలేనా అని డాక్టరు చేత చూపించండి.

3. పరీక్షల భయం అనుకోవడం. పిల్లవాడు బడికి వెళ్ళే వేళకు కడుపునొప్పి అంటే సాకు అనుకుంటాము. ఐ.బి.ఎస్. అనే సమస్య ఉన్నమాట నిజమే. దానిలో పేగు పనితీరు దారి తప్పుతుంది గాని పేగులో పుండ్లు ఉండవు. ఐ.బి.ఎస్., ఐ.బి.డి. పేర్లు వినడానికి దగ్గరగా ఉన్నా రెండూ ఒకటి కావు. ఐ.బి.ఎస్. వల్ల రక్తం పడదు, జ్వరం రాదు, ఎదుగుదల ఆగదు. నిద్రలోంచి లేచి విరేచనానికి పరుగెత్తవలసి వస్తే అది ఐ.బి.ఎస్. అని ఊరుకోకూడదు.

4. ఆడపిల్లల్లో రక్తహీనతను నెలసరికి ముడిపెట్టడం. ఐరన్ మాత్రలు నెలల తరబడి వాడినా రక్తం పెరగకపోతే, అది ఎటు పోతోందో వెతకాలి.

5. పేగు క్షయ అనుకోవడం. ఇది అన్నింటిలో కష్టమైన చిక్కు. దీని గురించి కింద విడిగా చెబుతాను.

తల్లిదండ్రులు గమనించవలసిన లక్షణాలు

- నాలుగు వారాలకు మించి విరేచనాలు, లేదా ఆరు నెలల్లో రెండు మూడుసార్లు తిరగబెట్టడం
- మలంలో రక్తం, జిగట
- రాత్రి నిద్రలోంచి లేచి దొడ్డికి వెళ్ళవలసి రావడం, ఆపుకోలేకపోవడం, వెళ్ళి వచ్చినా ఇంకా వస్తున్నట్టు ఉండటం
- తరచుగా కడుపునొప్పి, ముఖ్యంగా కుడివైపు కింది భాగంలో
- బరువు తగ్గడం, లేదా పెరగవలసిన వయసులో పెరగకపోవడం
- ఏడాదిగా ఎత్తు పెరగకపోవడం, తోటి పిల్లలకంటే చిన్నగా కనిపించడం
- ఆడపిల్లలు పెద్దమనిషి కావడం, మగపిల్లలకు గొంతు మారడం, మీసం రావడం బాగా ఆలస్యం కావడం
- కారణం తెలియని జ్వరం, పాలిపోవడం, ఆటలకు పోకుండా పడుకుని ఉండటం
- మలద్వారం పక్కన మానని పుండు, చీముగడ్డ, వేలాడే చర్మం
- మాటిమాటికీ నోటిపూత, కీళ్ళనొప్పులు, కళ్ళు ఎర్రబడి నొప్పి పెట్టడం, కాళ్ళమీద ఎర్రటి నొప్పిగల గడ్డలు

వీటిలో ఒక్కటి కనిపించగానే పేగుపూతే అని భయపడవద్దు. రెండు మూడు కలిసి ఉన్నా, రక్తం మాత్రమే మళ్ళీ మళ్ళీ పడుతున్నా, డాక్టరుకు చూపించి పరీక్షల గురించి అడగండి. కొందరు పిల్లల్లో కడుపు బాధ తెలియకముందే ఎదుగుదల ఆగిపోతుంది. అందుకే పిల్లల ఎత్తు, బరువు ఆరు నెలలకోసారి తేదీతో సహా రాసి ఉంచుకోవడం మంచిది. ఎత్తు పెరిగే ఏళ్ళు కొన్నే ఉంటాయి. ఎముకల చివరలు కలిసిపోయిన తర్వాత ఎంత మంచి మందు వాడినా ఆ ఎత్తు తిరిగి రాదు.

ఏయే పరీక్షలు చేస్తారు?

"ఒక్క పరీక్ష చేసి తేల్చేయకూడదా సిస్టర్, ఇన్ని ఎందుకు?" అని బంధువులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ వ్యాధిని ఒక్క పరీక్షతో తేల్చలేరు. రోగి చెప్పిన మాట, డాక్టరు చేతితో చూసిన పరీక్ష, రక్తం, మలం, కెమెరా పరీక్ష, ముక్క పరీక్ష, స్కానింగు, వీటన్నింటినీ కలిపి చూసి నిర్ణయిస్తారు.

మల పరీక్ష: ముందుగా అమీబా, బాక్టీరియా వంటివి ఉన్నాయేమో చూస్తారు. కాల్‌ప్రొటెక్టిన్ అనే మరొక మల పరీక్ష ఉంది. పేగులో వాపు ఉంటే ఇది పెరుగుతుంది. పెద్ద పిల్లల్లో 50 కంటే తక్కువ ఉంటే పేగులో వాపు ఉండే అవకాశం తక్కువ. 250 దాటితే వాపు ఉందని గట్టిగా అనుమానిస్తారు. అయితే సూక్ష్మజీవుల విరేచనాల్లోనూ, క్షయలోనూ, కొన్ని నొప్పి మాత్రలు వాడినా ఇది పెరుగుతుంది. ఇది వాపు ఉన్నదని చెబుతుంది గాని ఏ జబ్బో చెప్పదు. సూది గాని గొట్టం గాని అవసరం లేని పరీక్ష గనుక పిల్లలకు సులువు.

రక్త పరీక్ష: రక్తం ఎంత ఉన్నది, ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనే వాపు సూచికలు, ప్లేట్‌లెట్లు, అల్బుమిన్ చూస్తారు. ఒక విషయం గుర్తుంచుకోండి. రక్త పరీక్షలన్నీ మామూలుగా వచ్చినా పేగుపూత ఉండవచ్చు. "బ్లడ్ రిపోర్టు నార్మలే" అని వెనక్కి వెళ్ళిపోవద్దు.

కొలనోస్కోపీ: ఇది ముఖ్యమైన పరీక్ష. మలద్వారం గుండా సన్నని, వంగే గొట్టాన్ని పంపి, దాని చివరనున్న కెమెరాతో పెద్దపేగును, చిన్నపేగు చివరి భాగాన్ని చూస్తారు. పిల్లలకు మత్తు ఇచ్చి చేస్తారు గనుక వాళ్ళకు నొప్పి తెలియదు. సాధారణంగా అరగంట, ముప్పావు గంటలో అయిపోతుంది. పిల్లల్లో క్రోన్స్ పైభాగంలో కూడా ఉండవచ్చు గనుక, నోటి ద్వారా చేసే ఎండోస్కోపీ కూడా అదే మత్తులో చేస్తారు. రక్తస్రావం, పేగుకు రంధ్రం వంటి ప్రమాదాలు చాలా అరుదు. అయినా సంతకం పెట్టేముందు డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

నిజంగా కష్టమనిపించేది ముందురోజు. పేగు శుభ్రం కావడానికి మందు కలిపిన నీళ్ళు చాలా తాగాలి. పిల్లలు వద్దని ఏడుస్తారు. తల్లులు జాలిపడి సగం పారబోసి, "తాగేశాడు సిస్టర్" అంటారు. పేగు శుభ్రం కాకపోతే కెమెరాకు పుండ్లు కనబడవు, మళ్ళీ మరొక రోజు అంతా చేయవలసి వస్తుంది. చల్లగా చేసి, కొంచెం కొంచెంగా, స్ట్రాతో తాగించండి. వాంతి అయితే దాచవద్దు, మాకు చెప్పండి.

బయాప్సీ: అదే సమయంలో గొట్టం ద్వారా పేగు పొర నుండి చాలాచోట్ల బియ్యపుగింజకంటే చిన్న ముక్కలు తీస్తారు. దానివల్ల నొప్పి ఉండదు. ముక్క పరీక్ష అనగానే చాలామంది "క్యాన్సరా?" అని హడలిపోతారు. పిల్లల్లో ఈ ముక్కలు తీసేది ముఖ్యంగా పేగుపూతా, క్షయా, మరొకటా అని తెలుసుకోవడానికే. బాగున్నట్టు కనిపించే చోట నుండి కూడా ముక్కలు తీస్తారు. అది పొరపాటు కాదు.

స్కానింగు: చిన్నపేగు చాలా పొడవు గనుక గొట్టం అంతటికీ చేరదు. అందుకని పేగు కోసం ప్రత్యేకంగా ఎం.ఆర్.ఐ. చేస్తారు. దానిలో ఎక్స్-రే కిరణాలు ఉండవు గనుక పిల్లలకు మంచిది. అది లేనిచోట సి.టి. లేదా అల్ట్రాసౌండ్ చేస్తారు.

ఆరేళ్ళలోపు పిల్లల్లో ఇటువంటి వ్యాధి కనిపిస్తే, పుట్టుకతోనే రక్షణశక్తిలో లోపం ఉన్నదేమో చూడటానికి జన్యు పరీక్షలు కూడా అవసరం కావచ్చు. అటువంటివారిని పెద్ద ఆసుపత్రికి పంపితే ఆలస్యం చేయకుండా వెళ్ళండి.

పేగు క్షయా? క్రోన్స్ వ్యాధా?

క్షయ ఊపిరితిత్తులకే కాదు, పేగుకు కూడా వస్తుంది. అది కూడా చిన్నపేగు చివరనే ఎక్కువగా వస్తుంది. కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. కెమెరాలో పుండ్లు కూడా ఒకదానినొకటి పోలి ఉంటాయి. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో అనుభవమున్న డాక్టర్లు కూడా ఇక్కడ ఆగి ఆలోచిస్తారు.

ఎందుకు అంత జాగ్రత్త? క్రోన్స్‌కు ఇచ్చే స్టెరాయిడ్లు, రక్షణశక్తిని తగ్గించే మందులు క్షయ రోగికి ఇస్తే క్షయ ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి రావచ్చు. మరోవైపు, క్రోన్స్ ఉన్న పిల్లవాడికి నెలల తరబడి క్షయ మందులే ఇస్తూ పోతే ఈలోగా పేగు ఇరుకైపోతుంది, ఎదిగే వయసు దాటిపోతుంది. ఎటు పొరబడినా నష్టం పిల్లవాడికే.

ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండటం, రాత్రి చెమటలు, కడుపులో నీరు చేరడం, ఛాతీ ఎక్స్-రేలో మచ్చలు ఉండటం వంటివి క్షయవైపు చూపిస్తాయి. మలద్వారం పక్కన ఫిస్టులా, చాలాకాలంగా రక్త విరేచనాలు, మాటిమాటికీ నోటిపూత, కీళ్ళనొప్పులు క్రోన్స్‌వైపు చూపిస్తాయి. బయాప్సీ ముక్కలను క్షయక్రిమి కోసం జీన్ ఎక్స్‌పర్ట్‌కు, కల్చరుకు పంపుతారు. క్రిమి కనబడితే క్షయ ఖాయం. కనబడకపోతే క్షయ లేదని చెప్పలేము, ఎందుకంటే పేగు ముక్కల్లో ఆ క్రిములు చాలా తక్కువగా ఉంటాయి.

ఇంత చేసినా తేలకపోతే, డాక్టరుగారు క్షయ మందులు మొదలుపెట్టి రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ కొలనోస్కోపీ చేసి చూస్తారు. పుండ్లు మానితే అది క్షయ అని తేలుతుంది, మందుల కోర్సు, సాధారణంగా ఆరు నెలలు, పూర్తి చేయాలి. మానకపోతే క్రోన్స్ గాని, మందులకు లొంగని క్షయ గాని అయి ఉంటుంది. ఇక్కడే చాలా కుటుంబాలు తప్పిపోతాయి. క్షయ మందులు వేసుకున్నప్పుడు క్రోన్స్ రోగికి కూడా కొంత నెమ్మదిగా అనిపించవచ్చు. "నొప్పి తగ్గింది కదా, మళ్ళీ గొట్టం ఎందుకు, ఖర్చెందుకు" అని రెండో పరీక్షకు రారు. నొప్పి తగ్గడం వేరు, పుండు మానడం వేరు.

కాబట్టి క్షయ మందులు మొదలుపెట్టిన రోజునే డాక్టరుగారిని ఈ మూడు ప్రశ్నలు అడగండి. క్షయ అని రుజువైందా, లేక అనుమానం మీద ఇస్తున్నారా? మళ్ళీ పరీక్ష ఏ తేదీన? అప్పటికి పుండు మానకపోతే తర్వాత ఏమి చేస్తారు? జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఒక్క రోజు కూడా మందు మానవద్దు, ఎందుకంటే మధ్యలో మానితే ఆ పరీక్షకు అర్థం ఉండదు. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. మూత్రం నారింజరంగులో రావడం మందువల్లనే, భయపడవద్దు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే రండి.

వ్యాధి తేలిన తర్వాత

పేగుపూతను మందులతో అదుపులో ఉంచవచ్చు గాని, కోర్సు వాడి వదిలేసే జబ్బు కాదు. అల్సరేటివ్ కొలైటిస్‌కు మెసలమిన్ వంటి మందులు, అవసరమైతే కొద్దికాలం స్టెరాయిడ్లు ఇస్తారు. పిల్లల్లో క్రోన్స్‌కు చాలాచోట్ల ఆరు నుండి ఎనిమిది వారాలపాటు మామూలు భోజనం ఆపి, ప్రత్యేకమైన పోషకద్రవం మాత్రమే ఇస్తారు. అది వాపును తగ్గిస్తుంది, ఎదుగుదలకు కూడా మేలు చేస్తుంది. తర్వాత అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటివి అవసరం కావచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి ఇంజెక్షన్లకు ముందు లోపల దాగిన క్షయ ఉన్నదేమో తప్పక చూస్తారు. కొందరికి ఆపరేషను కావలసి వస్తుంది.

బాగున్నది కదా అని మందు మానేయడం, స్టెరాయిడ్లను ఒక్కసారిగా ఆపడం, పాత చీటీ చూపించి షాపులో అవే స్టెరాయిడ్లు కొనడం, ఈ మూడూ చేయవద్దు. ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సొంతంగా వేయవద్దు. రక్త విరేచనాలు అవుతుంటే వాటిని కట్టేసే మాత్రలు వేయవద్దు.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసిన పరిస్థితులు

రోజుకు ఆరుసార్లకు మించి రక్త విరేచనాలు, జ్వరంతోపాటు కడుపు ఉబ్బి గట్టిపడటం, గుండె దడ, పచ్చని వాంతులు, మలం, గాలి రెండూ ఆగిపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం. వీటిలో ఏది కనిపించినా రాత్రయినా తెల్లవారేదాకా ఆగవద్దు.

డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. రెండు వారాలపాటు విరేచనాలు పగలు ఎన్ని, రాత్రి ఎన్ని, రక్తం పడిందా, నొప్పి ఎప్పుడు, జ్వరం ఎంత అని రాయండి. పిల్లవాడు పెద్దవాడైతే తననే రాసుకోమనండి, నోటితో చెప్పలేనిది రాసి చూపిస్తాడు. ఇంతవరకు వాడిన మందుల చీటీలు, పసరు మందులతో సహా, అన్నీ తీసుకురండి. పసరు వాడారని మేము కోప్పడము, తెలిస్తేనే వైద్యానికి మేలు. పాత ఎత్తు, బరువు వివరాలు బడిలో ఉంటే రాయించుకురండి. ఇంట్లో ఎవరికైనా క్షయ గాని, ఇటువంటి పేగు జబ్బు గాని ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. డాక్టరుగారు పిల్లవాడితో ఒంటరిగా మాట్లాడతానంటే కాసేపు బయట కూర్చోండి.

బడిలో టీచరుగారికి చెప్పి, అడగకుండా బాత్‌రూముకు వెళ్ళే అనుమతి ఇప్పించండి. చాలామంది పిల్లలకు మందు తర్వాత అంత మేలు చేసేది ఇదే.

మొదట చెప్పిన అబ్బాయికి బయాప్సీలో, ఇతర పరీక్షల్లో క్షయ కనబడలేదు. ఫిస్టులా, చిన్నపేగులో అక్కడక్కడ పుండ్లు, స్కానింగు అన్నీ కలిపి చూసి క్రోన్స్ అని నిర్ణయించి వైద్యం మొదలుపెట్టారు. ఏడాదిన్నర తర్వాత పరీక్షకు వచ్చినప్పుడు తల్లి ముందుగా చూపించింది వాడి ప్యాంటు అంచునే. రెండుసార్లు విప్పి కుట్టినా మడమల పైకే ఉంది. డాక్టరుగారు ఎత్తు కొలిచి సంతోషించారు. పోయిన ఎత్తంతా తిరిగి వస్తుందని మాత్రం ఆయన మాట ఇవ్వలేదు. పది నెలలు ముందుగా వచ్చి ఉంటే ఆ మాట ఇవ్వగలిగేవారేమో.

మీ ఇంట్లో పిల్లవాడు నెలరోజులుగా కడుపునొప్పి, విరేచనాలు అంటున్నాడా? చిక్కిపోతున్నాడా? ఈ రాత్రి పడుకునేముందు వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరూ లేనప్పుడు నెమ్మదిగా అడగండి. వాడు చెప్పింది రాసుకుని రేపు ఆసుపత్రికి తీసుకురండి.